జాక్ కథలు తెలుగులో చెప్పాలంటే కాగితం ఎప్పుడు పక్కన పెట్టాలి?

వెన్నెలమెట్లు:

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఒక విషయం దగ్గర గట్టిగా ఇరుక్కుపోయి అడుగుతున్నాను.

అమెరికాలో నార్త్ కరోలినా, టెనెసీ వైపు కొండల్లో తరతరాలుగా చెప్పుకుంటున్న జాక్ కథలు మీలో కొందరికైనా తెలిసే ఉంటాయి. మనకు తెలిసినవాడు చిక్కుడు తీగ ఎక్కిన జాక్ ఒక్కడే. ఆ కొండల్లో మాత్రం జాక్‌కి బోలెడు కథలున్నాయి. విల్, టామ్ అని ఇద్దరు అన్నలు, అందరికంటే చిన్నవాడు జాక్. ఇంట్లో తిండికి కటకట. పనికోసమో, ఏదో పట్టుదలతోనో ఇల్లు వదిలి దారి పడతాడు. అక్కడినుంచి కథ.

నేను వీటిని ముందు చదవలేదు, విన్నాను. రే హిక్స్ అనే కొండ మనిషి చెప్పిన నాలుగు కథల రికార్డు ఒకటుంది, 1963లో వచ్చింది. మొదటిసారి విన్నప్పుడు ఆ యాసకి సగం మాటలు అర్థం కాలేదు. అయినా ఇల్లు వచ్చాక కారు ఇంజన్ కట్టేసి, కథ అయిపోయేదాకా దిగలేదు. ఆయన ఎవరికో చదివి వినిపిస్తున్నట్టు లేదు. నిన్న తనకు జరిగింది చెబుతున్నట్టుంది.

నేను ప్రతి శనివారం సాయంత్రం ఒక లైబ్రరీ గదిలో పిల్లలకు గంటసేపు తెలుగులో కథలు చెబుతాను. పద్నాలుగు మంది వస్తారు, ఆరేళ్ళ నుంచి పదకొండేళ్ళ వరకు. ఈ కథలు వాళ్ళకి చెప్పాలని మూడు రాత్రులు కూర్చుని, వాయవ్యం నుంచి వచ్చే గాలిని ఆపడానికి జాక్ బయల్దేరిన కథ అనువాదం చేశాను. పదకొండు పేజీలు వచ్చింది. ప్రతి మాటా చూసుకుని రాశాను. పోయిన శనివారం చదివాను.

మొదటి రెండు పేజీలు బాగానే విన్నారు. జాక్ రెండోసారి మోసపోయే చోటికి వచ్చేసరికి ఒక బాబు బూట్ల లేసు విప్పి మళ్ళీ కట్టుకోవడం మొదలుపెట్టాడు. ఇద్దరు కిటికీ వైపు తిరిగారు. ముందు వరసలో కూర్చునే ఎనిమిదేళ్ళ పాప చెయ్యెత్తి, "ఆంటీ, ఈ కథ మీకు రాదా?" అంది. తను వెక్కిరించలేదు, నిజంగానే అడిగింది. నాకు నోట మాట రాలేదు. కథ పూర్తి చేశాను కానీ ఆ ప్రశ్న ఇంకా నాలోనే ఉంది.

కాగితం లేకుండా చెప్పాలంటే భయంగా ఉంది. మధ్యలో మర్చిపోతే? నేను సొంతంగా ఏదో కలిపేస్తే, అది ఆ కొండల వాళ్ళ కథని పాడు చేసినట్టు కాదా? ఇంకో సందేహం యాస గురించి. వాళ్ళది కొండ యాస కాబట్టి జాక్ చేత శ్రీకాకుళం యాసలో మాట్లాడిద్దామా అనుకున్నాను. నాది ఆ వైపు కాదు. చివరిగా, రాక్షసుల తలలు నరకడం, చావుని సంచిలో కట్టేయడం లాంటివి చిన్నపిల్లలకు చెప్పొచ్చా? ఒక తల్లి ఇప్పటికే "భయపెట్టే కథలు వద్దండీ" అన్నారు. ఇవి చెప్పి, చెప్పించి అలవాటున్నవాళ్ళు ఎవరైనా దారి చూపిస్తే సంతోషిస్తాను.

---

పాతఅచ్చు:

వెన్నెలమెట్లు గారూ, మీరు ఎంచుకున్న కథలు చాలా గొప్పవి. నా అభిప్రాయం మాత్రం సూటిగా చెబుతాను. మార్చకండి.

ఎందుకంటే ఈ కథలు ఇప్పటికే ఒకసారి బాగా మారి మన చేతికి వచ్చాయి. రిచర్డ్ చేజ్ 1943లో అచ్చు వేసిన సంకలనం వల్లే జాక్ కథలు లోకానికి తెలిశాయి, నిజమే. కానీ ఆయన ముగ్గురు నలుగురు చెప్పినవాటిని కలిపి, తన ఇష్టప్రకారం కోసి కుట్టి, ఒక కథగా తయారుచేశాడు. అందుకే జానపద పరిశోధకులు ఆయన్ని తప్పుపట్టారు. దానికంటే ముందు 1923లో ఇసబెల్ గోర్డన్ కార్టర్ అనే ఆవిడ, హాట్ స్ప్రింగ్స్ ఊళ్ళో ఉండే జేన్ హిక్స్ జెంట్రీ దగ్గర కథలు విని రాసుకుంది. అవి 1925లో అమెరికా జానపద సంఘం పత్రికలో అచ్చయ్యాయి. ఇంగ్లండు నుంచి వచ్చి జానపద పాటలు సేకరించిన సెసిల్ షార్ప్, 1916లో అరవైకి పైగా పాటలు సేకరించింది కూడా ఈ జేన్ జెంట్రీ దగ్గరే.

మీరు ఆ 1925 నాటి పాఠం తీసుకుని, ఉన్నది ఉన్నట్టు తెలుగు చేసి, అదే చదవండి. పిల్లలు కాసేపు విసుక్కున్నా ఫరవాలేదు. ఒకసారి మన చెయ్యి పడితే ఏది వాళ్ళదో ఏది మనదో ఎవరికీ తెలియకుండా పోతుంది. నా బాధంతా అదే.

---

కొండదారి:

వెన్నెలమెట్లు గారూ, కాగితం వచ్చే నెల కాదు, ఈ శనివారమే పక్కన పెట్టండి. నేను ఎందుకింత గట్టిగా అంటున్నానో కాస్త ఓపిగ్గా వినండి. కొంచెం పొడుగవుతుంది.

మా ఆయన ఉద్యోగం వల్ల నార్త్ కరోలినా పడమటి కొండల్లో ఆరేళ్ళున్నాం. వెళ్ళిన రెండో ఏడాది అక్టోబరులో, పక్క రాష్ట్రం టెనెసీలో జోన్స్‌బరో అనే చిన్న ఊళ్ళో కథలు చెప్పే పండగ జరుగుతుందంటే వెళ్ళాను. అది 1973లో మొదలైంది. మొదటి ఏడాది కోర్టు దగ్గర ఒక గడ్డి బండి ఆపి, దానిమీద నిలబడి కథలు చెప్పారట. వినడానికి వచ్చింది అరవై మంది. ఆ మొదటి ఏడాది చెప్పినవాళ్ళలో మీరు విన్న రే హిక్స్ కూడా ఉన్నాడు. నేను వెళ్ళేటప్పటికి ఆయన లేడు, 2003లో పోయాడు. అప్పటికి గడ్డి బండి పోయి పెద్ద పెద్ద డేరాలు వచ్చాయి.

ఒక డేరాలో, పేరు కూడా గుర్తులేని ఒక పెద్దాయన సరిగ్గా మీరు చదివిన కథే చెప్పాడు. గాలి కథ. నేను మూడో వరసలో ఉన్నాను. ఆయన చేతిలో కాగితం లేదు, మైకు తప్ప ఏమీ లేదు. "ఆ ఇంటి గోడలకు బీటలుండేవి" అన్నాడు. అని ఊరుకున్నాడు. పక్కనున్న డేరా స్తంభం మీద అరచెయ్యి ఆనించి, అక్కడ నిజంగా బీట ఉన్నట్టు, దానిలోంచి గాలి వస్తున్నట్టు, చెయ్యి అలాగే ఉంచాడు. చాలాసేపు ఉంచాడు. తర్వాత ఆ చెయ్యి తీసి చంకలో పెట్టుకున్నాడు. అంతే. చలి గురించి ఒక్క మాట అనలేదు. నా పక్కన కూర్చున్న ఆవిడ శాలువా దగ్గరికి లాక్కుంది. నేనూ చేతులు ముడుచుకున్నాను. బయట ఎండగా ఉంది.

ఆ రాత్రి గదికి వచ్చి, పండగ కార్యక్రమం కాగితం వెనకవైపు ఆ కథ రాద్దామని కూర్చున్నాను. తొమ్మిది లైన్లకు మించి రాలేదు. ఇంట్లోకి గాలి. గాలి వచ్చే కంత మూసేస్తానని జాక్ తన టోపీ పట్టుకుని బయల్దేరడం. దారిలో తెల్ల గడ్డం తాత, పేరు పెట్టి పిలవడం. కంత చాలా దూరం, వెళ్ళలేవని చెప్పి ఒక గుడ్డ ఇవ్వడం, పరుచుకోమంటే భోజనం పెట్టే గుడ్డ. ఫలానా ఇంట్లో ఆగొద్దని చెప్పినా జాక్ ఆగడం, అక్కడి పోకిరీ కుర్రాళ్ళు రాత్రికి రాత్రి గుడ్డ మార్చేయడం. ఇంటికొచ్చి అమ్మ ముందు పరువు పోవడం, గాలి ఇంకా వీస్తూనే ఉండటం. మళ్ళీ వెళ్తే బంగారు గుడ్లు పెట్టే కోడిపుంజు, అదీ పోవడం. మూడోసారి దుడ్డుకర్ర. ఆ కర్రతో కుర్రాళ్ళకి బడితెపూజ చేసి అన్నీ తెచ్చుకోవడం.

నాకు చాలా దిగులేసింది, ఇంత మంచి కథ విని ఇంతేనా గుర్తున్నది అని. తర్వాత అర్థమైంది, కథంటే ఆ తొమ్మిది లైన్లే. మిగతాదంతా ఆ సాయంత్రం ఆ పెద్దాయన, ఆ డేరా, మేము. మీ పదకొండు పేజీల్లోనూ ఆ తొమ్మిది లైన్లుంటాయి. వాటిని బయటకు తీసి ఒక చిన్న చీటీ మీద రాసుకోండి. అవి మీకు వరసగా గుర్తుంటే మధ్యలో మర్చిపోవడం అంటూ ఉండదు. మాట మర్చిపోతాం కానీ దారి మర్చిపోం.

సాధన గురించి. అద్దం ముందు చెప్పకండి. చేతులకు ఏదో పని పెట్టుకుని ఒక్కరికే చెప్పండి. ఇది నా సొంత తెలివి కాదు. పైన చెప్పిన జేన్ జెంట్రీ కూతురు మాడ్ లాంగ్, 1947లో అమెరికా జాతీయ గ్రంథాలయం కోసం ఈ కథలు రికార్డు చేస్తూ, అమ్మ వీటిని ఎలా చెప్పేదో ముందు చెబుతుంది. చలికాలం రాత్రి, పొయ్యి ముందు ఇంటిల్లిపాదీ. అమ్మ కుట్టుపనిలోనో ఉన్ని దువ్వడంలోనో ఉంటుంది. నాన్న ఎవరివో చెప్పులు బాగుచేస్తుంటాడు. చిన్నపిల్లల ఒడి నిండా గొర్రె ఉన్ని. అందులో చిక్కుకున్న పల్లేరుకాయల్లాంటి ముళ్ళూ చెత్తా ఏరిపెట్టాలి, మర్నాడు దువ్వడానికి. వాళ్ళు నిద్రలోకి జారకుండా, వేళ్ళు ఆగకుండా అమ్మ జాక్ కథలు చెప్పేది. నాకు ఇది విన్నప్పుడల్లా ఆ చిన్న వేళ్ళు కళ్ళకు కడతాయి. ముల్లు గుచ్చుకుంటుంది, చీకతారు, మళ్ళీ ఏరతారు, చెవి మాత్రం కథ మీదే. అలాంటి చోట పుట్టిన కథ పుస్తకంలా గంభీరంగా సాగదు. పని ఆగినప్పుడు ఆగుతుంది, పని ఊపందుకుంటే పరుగెడుతుంది. నేను మా మేనకోడలికి బట్టలు మడతపెడుతూ చెప్పాను. పదకొండుసార్లు చెప్పాకే నలుగురి ముందుకు వెళ్ళాను.

ఇక ఆ బాబు లేసు కట్టుకోవడం. అది రెండో దొంగతనం దగ్గర జరిగింది అన్నారు చూడండి, అక్కడే ఉంది కిటుకు. అచ్చులో మూడు రౌండ్లూ దాదాపు ఒకే పొడుగు ఉంటాయి, కన్ను కావలిస్తే దాటేస్తుంది కాబట్టి ఇబ్బంది లేదు. చెవి దాటలేదు. నోటితో చెప్పేటప్పుడు మొదటి రౌండు తీరిగ్గా చెప్పాలి. రెండోది సగానికి తగ్గాలి, "మళ్ళీ అదే ఇల్లు. మళ్ళీ అదే కుర్రాళ్ళు. మళ్ళీ జాక్..." అని ఆగితే చాలు, "ఆగాడు!" అని పిల్లలే అరుస్తారు. మూడో రౌండు కర్ర కాబట్టి అక్కడ మళ్ళీ నెమ్మదించాలి, వాళ్ళు ఎదురుచూసేది దానికోసమే.

పిల్లల నోటికి ఒక పల్లవి ఇవ్వండి. ఇంగ్లిష్‌లో ఉన్న పల్లవిని మక్కీకి మక్కీ తెలుగు చేస్తే నోరు తిరగదు. నేను గుడ్డకి "పరుచుకో గుడ్డా, పరుచుకో!" అంటాను. కర్రకి "ఆడుకో కర్రా, ఆడుకో!" రే హిక్స్ రికార్డులో సంచి కథ విన్నారు కదా, దానికి చాలా రోజులు కుస్తీ పట్టి "చటుక్కూ మటుక్కూ, నా సంచిలోకి దూకు" అని కుదుర్చుకున్నాను. సంచి మీద రెండు దెబ్బలు కొట్టి అనాలి. పిల్లలు తొడల మీద కొట్టుకుంటూ అంటారు.

యాస సంగతి. దయచేసి వద్దు. రే హిక్స్ ఆ యాసలో మాట్లాడింది కథ కోసం కాదు. బీచ్ మౌంటెన్ మీద తాత కట్టిన ఇంట్లోనే బతికాడు, అడవిలో జిన్సెంగ్ వేర్లూ గాలాక్స్ ఆకులూ ఏరి అమ్మాడు, ఉప్పు అడిగినా అదే యాసలో అడిగేవాడు. జాక్ అంటే తనే అన్నట్టు చెప్పేవాడు. మీరు మీది కాని శ్రీకాకుళం యాస పెడితే జాక్ నోట్లోంచి మీరు మాయమైపోతారు, ఆ యాస వాళ్ళకి కూడా మర్యాద కాదు. మీ అమ్మగారు మీ ఇంట్లో ఏ మాట మాట్లాడేవారో ఆ మాటలో చెప్పండి. ఈ కథలకు సరిపోయే యాస అంటే ఎవరి ఇంటి మాట వాళ్ళదే.

యాస వదిలేసినా కొండ మాత్రం కథలో ఉండాలి. అది వేరే చోట ఉంది. ఉదాహరణకు ఈ కథల్లో రాజు. కిరీటం, కోట, భటులు ఏమీ ఉండరు. ఊళ్ళో కాస్త పొలం ఎక్కువున్న ఆసామిలా ఉంటాడు. జాక్ వెళ్ళి గేటు దగ్గర కేకేస్తే ఆయనే బయటకొస్తాడు. అడవి నరికి, మొద్దులు పెకలించి, కొత్తగా సాగులోకి తేవాల్సిన నేల ఒకటి ఉంటుంది, దాన్ని నేను "కొత్త పోడు" అంటాను. అక్కడికి ఎవరు వెళ్ళినా రాక్షసులు బతకనివ్వరు. ఒక్కో రాక్షసుడి తలకీ వెయ్యి డాలర్లు ఇస్తానంటాడు రాజు. రాజు, డాలర్లు! మొదటిసారి చెప్పేటప్పుడు "వెయ్యి వరహాలు" అని మార్చాను, అది నేను చేసిన తప్పు. డాలర్లు ఉంచండి. రాజుని అరుగు మీద కూర్చోబెట్టండి. ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు, జర్మనీల నుంచి వచ్చినవాళ్ళు తెచ్చుకున్న పాత రాజుని ఆ కొండలు అలా రైతుని చేసేశాయి. దాన్ని మనం తిరిగి కోటలోకి పంపితే కథలోంచి కొండ వెళ్ళిపోతుంది.

నేను చేసిన ఇంకో తప్పు కూడా రాస్తాను, మీకు పనికొస్తుంది. ఆ తెల్ల గడ్డం తాతకి జాక్ పేరు ఎలా తెలుసు? కథలో చెప్పరు. పిల్లలు అడుగుతారేమోనని నేనే ముందుగా, ఆయన ఒక మంచి మాంత్రికుడు, జాక్ మంచితనం చూసి వచ్చాడు అని కలిపాను. చెబుతుండగానే గది చల్లబడిపోయింది. ఎవరూ ఏమీ అడగలేదు, ఊ కొట్టడం మాత్రం ఆగిపోయింది. తర్వాతిసారి "ఏం జాక్, ఎటు బయల్దేరావ్?" అని తాత అడగగానే రెండు క్షణాలు ఆగి ముందుకెళ్ళాను. ఒక పిల్లాడు పక్కవాడి చెవిలో "ఆయనకి పేరెలా తెలుసు?" అన్నాడు. ఆ గుసగుస కోసమే ఆ ఖాళీ.

పాతఅచ్చు గారూ, మీ బాధ నాకు అర్థమైంది, మీరు చెప్పిన చరిత్రా నిజమే. కానీ ఏ పాఠాన్ని కాపాడదాం? హార్మన్, హిక్స్, వార్డ్ కుటుంబాలన్నీ తమ కథలకు మూలం 1896లో పోయిన కౌన్సిల్ హార్మన్ అనే పెద్దాయనే అని చెప్పుకుంటాయి. ఆయన ఎలా చెప్పాడో ఎవరూ రికార్డు చేయలేదు. తల్లి జేన్ జెంట్రీ చెప్పింది 1925 అచ్చులో ఉంది, కూతురు మాడ్ లాంగ్ గొంతు 1947 రికార్డులో ఉంది. పక్కపక్కన పెట్టి చూడండి, ఒకే ఇంట్లో కథ ఎలా కదిలిందో కనబడుతుంది. చేజ్ మీద నాకున్న అభ్యంతరం ఆయన మార్చాడని కాదు. నలుగురి నోళ్ళు కలిపి ఒక్క నోరు చేసి, అదే కొండ గొంతు అన్నట్టు ఇచ్చాడని. కాబట్టి మార్చినవాళ్ళు మార్చామని చెప్పాలి. నేను ప్రతిసారీ మొదలుపెట్టే ముందు, "ఇది నార్త్ కరోలినా కొండల్లో చెప్పుకునే కథ, నేను టెనెసీలో ఒక పెద్దాయన దగ్గర విన్నాను, ఇప్పుడు నా మాటల్లో చెబుతున్నాను" అంటాను. పట్టుమని పది సెకన్లు పట్టదు.

---

ఇద్దరిపిల్లలనాన్న:

నేను కథలు చెప్పేవాణ్ణి కాదు, వినేవాళ్ళ తండ్రిని. "భయపెట్టే కథలు వద్దు" అన్న మాటకు మాత్రం నా అనుభవం రాయాలనిపించింది.

మా నాన్న పోయినప్పుడు మా పెద్దాడికి తొమ్మిదేళ్ళు. పదిహేను రోజులు వాడు తాత గురించి ఒక్క మాట మాట్లాడలేదు. ఏడవలేదు కూడా. నాకు చాలా టెన్షన్‌గా ఉండేది. ఒక రాత్రి ఏం చెప్పాలో తెలియక, కాలేజీ రోజుల్లో చదివిన సిపాయి జాక్ కథ చెప్పాను. ఇక్కడ తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా. సైన్యం నుంచి ఇంటికి వస్తున్న జాక్ దగ్గర ఉన్నది రెండు రొట్టెలు, అవి ముష్టివాళ్ళకి ఇచ్చేస్తాడు. దానికి బదులుగా ఒక సంచి దొరుకుతుంది, ఏదైనా సరే రమ్మంటే అందులోకి వచ్చి పడుతుంది. ఒక గాజు గ్లాసూ దొరుకుతుంది, దాంట్లో నీళ్ళు పోసి చూస్తే రోగి మంచం దగ్గర చావు ఎటువైపు నిలబడిందో కనిపిస్తుంది. రాజు కూతుర్ని తీసుకెళ్ళడానికి వచ్చిన చావుని జాక్ సంచిలో బంధించి, చెట్టు కొమ్మకు ఎత్తుగా కట్టించేస్తాడు. ఇక లోకంలో ఎవరూ చావరు.

చదివినప్పుడు నాకు అదే బాగా నచ్చిన చోటు. మావాడు దాని తర్వాత వచ్చేది పట్టుకున్నాడు. ఎన్నో ఏళ్ళకి జాక్ దారిలో ఒక ముసలమ్మని చూస్తాడు. ఎంత ముసలిదంటే నడుము వంగిపోయి ముక్కు మోకాళ్ళకి తగులుతుంటుంది. చావు రాక ఇలా అయిపోయామని, ఎవడో దాన్ని సంచిలో కట్టేశాడట అని చెబుతుంది. జాక్ వెళ్ళి సంచి దింపించి మూతి విప్పుతాడు. మొదట పోయేది తనే.

మావాడు చీకట్లో చాలాసేపు ఊరుకుని, "తాతకి కూడా బాగా నొప్పిగా ఉండేది కదా నాన్నా" అన్నాడు. అప్పుడు ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఆ కథలోంచి చావుని తీసేసి ఏ కుందేలునో పెట్టి చెప్పి ఉంటే ఆ రాత్రి మాకు ఏమీ మిగిలేది కాదు.

ఆరేళ్ళ పిల్లలు ఉన్న గుంపులో ఈ కథతో మొదలుపెట్టమని అనను. గాలి కథ, దొంగల ఇంట్లోకి జంతువులు దూరే కథ ముందు చెప్పండి. రాక్షసుల తలలంటారా, రక్తం వర్ణించకండి, అసలు చెప్పేవాళ్ళూ వర్ణించరు, తల పడింది, డబ్బు ఇచ్చాడు, తర్వాతది. ఇంకొకటి. ఆ కొండల్లోనే బానర్ ఎల్క్ అనే ఊరి దగ్గర మార్షల్ వార్డ్ అని బడిపంతులు ఒకాయన ఉండేవాడు. చేజ్‌కి ఈ కథల సంగతి 1935లో మొదట చెప్పింది ఆయనే. ఆయన వీటిని తన తరగతి పిల్లలకి ఏళ్ళ తరబడి చెప్పాడు. ఆ తల్లిగారికి ఈ మాట చెప్పి చూడండి. వీలైతే ఒక వారం ఆవిడనే వచ్చి వెనక కూర్చోమనండి.

---

పాతఅచ్చు:

కొండదారి గారూ, చెప్పే ముందు "ఎవరి దగ్గర విన్నాను, ఇప్పుడు నా మాటల్లో" అని చెప్పడం నాకు నచ్చింది. అది చేస్తే నా అభ్యంతరంలో సగం పోతుంది. మిగతా సగం కోసం ఒక్క కోరిక. వెన్నెలమెట్లు గారూ, ఆ పదకొండు పేజీలు పారెయ్యకండి. కొన్నాళ్ళు నోటితో చెప్పాక కథ ఎటు జరిగిందో చూసుకోవడానికి అవి కావాలి. చేజ్ పుస్తకంలోంచి తెలుగు చేసి ఉంటే ఆ వాక్యాలకు హక్కులుంటాయి, కాబట్టి ఎక్కడైనా అచ్చు వేసే ముందు ఆలోచించండి. కథ ఎవరి సొత్తూ కాదు కానీ ఒకరు రాసిన వాక్యం వాళ్ళదే.

---

వెన్నెలమెట్లు:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిన్న శనివారం అయింది. ఏం జరిగిందో రాయకుండా ఉండలేకపోతున్నాను.

వారమంతా మా అమ్మకి చెప్పాను. కొండదారి గారు చెప్పినట్టే, పాత చీరలకు ఫాల్ విప్పుతూ. మొదటి రెండు రోజులు నా గొంతు నాకే కొత్తగా ఉంది. నాలుగో రోజు అమ్మ మధ్యలో ఆపి, "వాళ్ళమ్మ ఏమీ అనదేం, రెండుసార్లు మోసపోయి వచ్చినా?" అంది. నా పదకొండు పేజీల్లో నేను ఆ తల్లిని అసలు పట్టించుకోలేదు. ఆ రోజు నుంచి, జాక్ ఉత్త గుడ్డ పరిచి "పరుచుకో" అంటున్నంతసేపూ వాళ్ళమ్మ గోడ బీటలో పాత గుడ్డపేలికలు కూరుతూ ఉంటుంది. అంతే, మాట అనదు. ఇది నేను కలిపినదే, చెప్పే ముందు చెప్పుకున్నాను కూడా.

నిన్న చేతులు ఖాళీగా వెళ్ళాను. చీటీ జేబులో ఉంది కానీ తియ్యలేదు. కోడిపుంజు దగ్గర ఒక చోట ఆగిపోయాను. నిజంగానే మర్చిపోయాను. వాళ్ళు నేను కావాలనే ఆగాననుకుని ఊపిరి బిగపట్టి చూస్తున్నారు. ఈలోగా గుర్తొచ్చింది. లేసు కట్టుకున్న బాబు "మళ్ళీ అదే ఇంట్లో ఆగుతాడు చూడు" అని పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు. కర్ర దగ్గరికొచ్చేసరికి పద్నాలుగు మందీ అరిచారు, పక్క గదిలో చదువుకునేవాళ్ళు తలుపు తీసి చూశారు. వద్దన్న తల్లి వెనక కూర్చున్నారు. వెళ్తూ వెళ్తూ, వచ్చే వారం ఏం కథ అని అడిగారు.

ఒక్క సందేహం మిగిలింది. "ఈ కథ మీకు రాదా" అని అడిగిన పాప ఇంటికెళ్ళి తమ్ముడికి మొత్తం చెప్పిందట. వాళ్ళ నాన్న ఫోన్‌లో రికార్డు చేసి పంపారు. కోడిపుంజుని తీసేసి గొర్రెపిల్లని పెట్టింది. పల్లవి కూడా మార్చేసింది. వచ్చే శనివారం సరిచెయ్యాలా?

---

కొండదారి:

అయ్యో, వద్దమ్మా. అస్సలు దిద్దొద్దు. నార్వేలో ఇదే కథ చెబుతారు, అక్కడ కోడిపుంజు లేదు, బంగారం ఇచ్చే పొట్టేలే ఉంటుంది. ఆ పాప తనకు తెలియకుండానే అక్కడికి వెళ్ళింది. మీ అమ్మగారు అడిగిన ప్రశ్న ఉంది చూశారా, నేను ఇన్నేళ్ళుగా చెబుతున్నా నాకు తట్టలేదు. ఈసారి నేను చెప్పేటప్పుడు ఆ పేలికలు కూరే తల్లిని పెట్టుకోవచ్చా? మీ పేరు చెప్పే పెడతాను.

ఆ పాప పల్లవి ఏమని మార్చిందో రాయండి.

---

వెన్నెలమెట్లు:

తప్పకుండా పెట్టుకోండి. నా పేరు కాదు, "ఒక అమ్మమ్మ అడిగింది" అనండి, అమ్మకి సంతోషంగా ఉంటుంది.

పాప "ఆడుకో కర్రా" అనడం లేదు. "అందుకో కర్రా, అందుకో!" అంటోంది. అన్నప్పుడల్లా వాళ్ళ తమ్ముడు మంచం మీదనుంచి దూకి పారిపోతున్నాడు.